రాష్ట్రం ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు: అమెరికా వైద్య చట్టాల గురించి మిగతా సగం కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం డాక్టర్ల లైసెన్సు మీదో, నర్సుల మీదో, మెడికల్ మారిజువానా (వైద్యానికి వాడే గంజాయి) మీదో కొత్త చట్టం చేసిందంటే చాలు, మన పత్రికల్లోనూ వాట్సాప్‌లోనూ ఒకటే లైను తిరుగుతుంది. "ఇక రెసిడెన్సీ అక్కర్లేదు", "గంజాయి ఇక లీగల్". ఆ లైను అబద్ధమేమీ కాదు. కానీ అందులో ఉన్నది సగమే, మిగతా సగం తెలియక మనవాళ్ళు అక్కడ ఉన్న ఉద్యోగం వదిలేస్తున్నారు, పరీక్షలకీ ఏజెంట్లకీ అప్పులు చేస్తున్నారు, కొందరైతే వీసాకే ముప్పు తెచ్చుకుంటున్నారు. నేను జార్జియాలో ఒక ఆసుపత్రుల గ్రూపులో క్రెడెన్షియలింగ్ పని చేస్తాను. అంటే కొత్త డాక్టర్ చేరేముందు ఆయన పట్టా, ట్రైనింగ్, లైసెన్సులు, పాత ఉద్యోగాలు, మీద ఉన్న కేసులు అన్నీ ఇచ్చినవాళ్ళ దగ్గరే నేరుగా సరిచూసి ఫైలు కమిటీకి పంపే పని. అందుకే తెలిసినవాళ్ళు, వాళ్ళకి తెలిసినవాళ్ళు ఫోన్ చేసి అడుగుతూ ఉంటారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు మీ పత్రిక ద్వారా అందరికీ చెబుదామని రాస్తున్నాను.

ముందు డాక్టర్ల సంగతి. 2023లో టెన్నెసీ రాష్ట్రం ఒక చట్టం చేసింది. వేరే దేశంలో మెడిసిన్ చదివి, అక్కడే ట్రైనింగ్ అయి, ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్‌కి అమెరికాలో మళ్ళీ రెసిడెన్సీ, అంటే పట్టా తర్వాత ఆసుపత్రిలో చేసే కొన్నేళ్ళ ట్రైనింగ్, చేయకుండానే ప్రొవిజనల్ (తాత్కాలిక) లైసెన్సు ఇవ్వొచ్చన్నది దాని సారాంశం. 2024లో ఫ్లోరిడా, వర్జీనియా, విస్కాన్సిన్, 2025లో టెక్సస్ అదే దారి పట్టాయి. ఇవి మంచి చట్టాలే అని నా నమ్మకం. ఈ దేశంలో పనిచేస్తున్న డాక్టర్లలో దాదాపు నాలుగో వంతు బయట చదివి వచ్చినవాళ్ళే, పల్లెటూళ్ళ ఆసుపత్రులు వాళ్ళ మీదే నడుస్తున్నాయి, పదిహేనేళ్ళు సర్జరీ చేసిన మనిషిని మళ్ళీ ఇంటర్న్‌గా నిలబెట్టడంలో న్యాయం నాకు ఎప్పుడూ కనిపించలేదు. అయితే ఆ చట్టాలు చదివితే షరతులు కనిపిస్తాయి. టెన్నెసీలో ముందు ఉద్యోగం ఆఫర్ ఉండాలి, ఆ ఆఫర్ కూడా రెసిడెన్సీ ప్రోగ్రాం నడుపుతున్న సంస్థ నుంచే రావాలి, రెండేళ్ళు వాళ్ళ కింద పనిచేసి సజావుగా గడిస్తే అప్పుడు పూర్తి లైసెన్సు. బయట చదివిన డాక్టర్ల అర్హత సరిచూసి ఇచ్చే ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికెట్ మామూలే, అంటే అమెరికా వైద్య లైసెన్సు పరీక్షలైన యూఎస్ఎంఎల్ఈ తప్పవు. "రెసిడెన్సీ లేకుండానే" అన్న మాట పెద్దక్షరాల్లో వేసేవాళ్ళు ఈ షరతుల్ని కనీసం చిన్నక్షరాల్లోనైనా వేయాలి కదా.

ఇక దీనికి మించిన సంగతి ఏమిటంటే, లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం, వీసా ఇచ్చేది ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం. టెన్నెసీ శాసనసభ ఎంత ఉదారంగా చట్టం రాసినా ఒక్క వీసా కూడా పుట్టించలేదు. పేషెంట్లని చూసే డాక్టర్‌కి హెచ్-1బీ ఉద్యోగ వీసా కావాలంటే, అమెరికాలో చదవనివాళ్ళు యూఎస్ఎంఎల్ఈలో ఆఖరిదైన స్టెప్ 3 కూడా పాసై ఉండాలి. పైగా 2025 సెప్టెంబరులో అధ్యక్షుడి ప్రకటనతో, దేశం బయటి నుంచి కొత్తగా తెచ్చుకునే హెచ్-1బీ ఉద్యోగికి లక్ష డాలర్ల ఫీజు వచ్చి పడింది. డాక్టర్లు దొరకక ఈ చట్టం కోరుకున్న చిన్న ఆసుపత్రి ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తుంది? వీసా అక్కర్లేనివాళ్ళకి, అంటే గ్రీన్ కార్డు మీద వచ్చి ఇక్కడ ఇంట్లో కూర్చున్న డాక్టర్లకి ఈ చట్టాలు నిజంగా వరమే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉద్యోగం చేసుకుంటున్న ఎండీకి మాత్రం ఇవి ఇప్పటికిప్పుడు పెద్దగా దారి తెరవవు. ఈ రెండు రకాల వాళ్ళకీ ఒకే హెడ్‌లైన్ పెట్టడం తప్పు.

మూడో అడ్డంకి నా టేబుల్ దగ్గరే ఉంటుంది. రాష్ట్రం లైసెన్సు ఇచ్చాక కూడా ఆసుపత్రి ప్రివిలేజెస్, అంటే తన దగ్గర పేషెంట్లని చూసే అనుమతి, ఇవ్వాలి, ఇన్సూరెన్స్ కంపెనీలు తమ నెట్‌వర్క్‌లో చేర్చుకోవాలి, మాల్‌ప్రాక్టీస్ కవరేజీ (వైద్యంలో పొరపాటు జరిగిందని కేసు పడితే ఆదుకునే బీమా) దొరకాలి. చాలా ఆసుపత్రులూ ఇన్సూరెన్స్ కంపెనీలూ బోర్డ్ సర్టిఫికేషన్, అంటే ఆ స్పెషాలిటీ బోర్డు పెట్టే పరీక్ష పాసైన గుర్తింపు, అడుగుతాయి. ఇక్కడి గుర్తింపు ఉన్న రెసిడెన్సీ చేయనివాళ్ళకి చాలా స్పెషాలిటీల్లో ఆ బోర్డు పరీక్ష రాసే అర్హతే ఉండదు. అంటే చేతిలో చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండి కూడా బిల్లు వసూలు చేసుకోలేని డాక్టర్ అవుతాడు మనిషి. శాసనసభ ఈ భాగాన్ని ముట్టుకోలేదు, ముట్టుకోకపోతే చట్టం కాగితం మీదే ఆగిపోతుంది. ఈ మాట ఇక్కడి ఎమ్మెల్యేలకి చెప్పాల్సినవాళ్ళలో మన డాక్టర్ల సంఘాలు కూడా ఉన్నాయి.

లైసెన్సులు అసలు ఎందుకు అనేవాళ్ళతో నేను ఏకీభవించను. 1889లోనే డెంట్ వర్సెస్ వెస్ట్ వర్జీనియా కేసులో అమెరికా సుప్రీంకోర్టు, వైద్యం చేసేవాళ్ళకి అర్హత ఉందో లేదో చూసే అధికారం రాష్ట్రాలకి ఉందని తేల్చింది, అది సబబే. దొంగ సర్టిఫికెట్లతో వచ్చే ఫైళ్ళు చూసినదాన్ని, ఆ గేటు తీసేయమని నేను అనలేను. కానీ గేటు దగ్గర కూర్చున్నది ఎవరన్నది కూడా చూడాలి. నార్త్ కరోలినా డెంటల్ బోర్డులో ఎనిమిది మంది సభ్యులుంటే ఆరుగురు ప్రాక్టీసు చేస్తున్న డెంటిస్టులే. వాళ్ళు మాల్స్‌లో పళ్ళు తెల్లబరిచే దుకాణాలకి మూసేయమని నోటీసులు పంపితే, అది రోగుల రక్షణ పేరుతో పోటీని చంపడమేనని, వ్యాపారంలో పోటీని కాపాడే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది, 2015లో సుప్రీంకోర్టు కూడా బోర్డుకి వ్యతిరేకంగానే తీర్పు ఇచ్చింది. అదే వృత్తిలో ఉన్నవాళ్ళు ఎక్కువమంది కూర్చున్న బోర్డుకి, రాష్ట్రం సరైన పర్యవేక్షణ లేకపోతే, పోటీ చట్టాల నుంచి మినహాయింపు ఉండదని ఆ తీర్పు. బయట చదివి వచ్చినవాళ్ళకి పెట్టే నిబంధనల్ని కూడా ఇదే కళ్ళతో చూడాలి. ఇది రోగి కోసమా, లేక ఉన్నవాళ్ళ సంపాదన కోసమా అని ప్రతి నిబంధననీ అడగాలి.

ఫార్మసీ వాళ్ళ బాధ మరీ అన్యాయం. 2003 తర్వాత పట్టా తీసుకున్న విదేశీ ఫార్మసిస్టులకి కనీసం ఐదేళ్ళ కోర్సు అయి ఉండాలన్నది ఇక్కడి రూలు. మన బీఫార్మసీ నాలుగేళ్ళది. ఆ తేడా ఒక్కటి చాలు, అర్హత పరీక్ష రాయడానికే వీల్లేదు. మన దేశంలో 2008లో మొదలైన ఆరేళ్ళ ఫార్మ్‌డీ చేసినవాళ్ళకి ఆ చిక్కు లేదు. పెళ్ళయి భర్తతో ఇక్కడికి వచ్చి, పదేళ్ళ అనుభవం ఉండి కూడా, ఫార్మసీ కౌంటర్ వెనక టెక్నీషియన్‌గా మాత్రలు లెక్కపెడుతున్న ఆడపిల్లలు ఎంతోమంది. అమెరికా వెళ్ళే ఆలోచన ఉన్న పిల్లలకి కోర్సు ఎంచుకునేటప్పుడే ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్) కౌన్సెలింగ్ రోజుల్లో మీ విద్యా పేజీలో ఇది వేయడానికి పావు కాలమ్ చాలు.

నర్సుల విషయంలో పరిస్థితి కొంత మెరుగు. నర్స్ లైసెన్షర్ కాంపాక్ట్ అని రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉంది, నలభైకి పైగా రాష్ట్రాలు చేరాయి, ఒక రాష్ట్రం ఇచ్చిన మల్టీస్టేట్ లైసెన్సుతో మిగతా సభ్య రాష్ట్రాల్లో పనిచేయొచ్చు. మా జార్జియా ఉంది, మనవాళ్ళు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియా, న్యూయార్క్ మాత్రం లేవు. ఇల్లు ఇంకో సభ్య రాష్ట్రానికి మారితే 60 రోజుల్లోపు కొత్త రాష్ట్రంలో దరఖాస్తు చేసుకోవాలన్న నిబంధన 2024 జనవరి నుంచి ఉంది, అది తెలియక మర్చిపోయేవాళ్ళున్నారు. డాక్టర్లకీ ఇలాంటి కాంపాక్టే ఉంది కానీ అది ఒకే లైసెన్సు కాదు, ఒక్కో రాష్ట్రం లైసెన్సూ త్వరగా ఇప్పించే ఏర్పాటు మాత్రమే, ఫీజులన్నీ విడివిడిగా కట్టాల్సిందే. టెలిహెల్త్‌లో, అంటే ఫోన్‌లోనో వీడియోలోనో, చూసే డాక్టర్‌కైతే పేషెంట్ ఏ రాష్ట్రంలో కూర్చుని మాట్లాడుతున్నాడో ఆ రాష్ట్రం లైసెన్సు కావాలి. కోవిడ్ సమయంలో సడలించిన రాష్ట్రాలు తర్వాత మళ్ళీ బిగించాయి.

ఇప్పుడు నాకు నిజంగా భయం కలిగించే విషయం, మెడికల్ మారిజువానా. 1996లో కాలిఫోర్నియా ఓటర్లు వైద్యానికి గంజాయిని అనుమతించే ప్రొపొజిషన్ 215 పాస్ చేసిన దగ్గర నుంచి ఒక్కో రాష్ట్రం ఒక్కోలా చట్టం చేసుకుంటూ వచ్చింది. పెన్సిల్వేనియా 2016 చట్టంలో డాక్టర్ ఆరోగ్య శాఖ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, నాలుగు గంటల ట్రైనింగ్ తీసుకోవాలి, రోగి జబ్బు చట్టంలోని జాబితాలో ఉండాలి. ఓక్లహోమాలో 2018లో ఓటర్లు ఒప్పుకున్న చట్టంలో అసలు జబ్బుల జాబితానే లేదు. ఐడహో, కాన్సస్‌లలో ఏ ప్రోగ్రామూ లేదు. మా జార్జియాలో 2015లో టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) తక్కువగా ఉన్న నూనెని జబ్బున్నవాళ్ళు దగ్గర ఉంచుకోవచ్చని చట్టం చేశారు, కానీ రాష్ట్రంలో దాన్ని అమ్మే మొదటి దుకాణం తెరిచింది 2023లో. ఎనిమిదేళ్ళపాటు ఫిట్స్ వచ్చే పిల్లల తల్లిదండ్రులు చేతిలో రాష్ట్రం ఇచ్చిన అనుమతి కార్డు పెట్టుకుని కొనడానికి చోటు లేక తిరిగారు. ఆ తల్లుల కష్టం తలుచుకుంటే ఈ మందుని వ్యతిరేకించాలని నాకు అనిపించదు, అందుకే ముందే చెబుతున్నాను, నేను రాస్తున్నది గంజాయికి వ్యతిరేకంగా కాదు.

రాస్తున్నది వీసా మీద ఉన్న మనవాళ్ళ గురించి. 1970 నాటి ఫెడరల్ నియంత్రిత పదార్థాల చట్టం గంజాయిని హెరాయిన్ పక్కనే షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికంటే కఠినమైన జాబితాలో పెట్టింది. 2005లో గొంజాలెస్ వర్సెస్ రైచ్ కేసులో సుప్రీంకోర్టు, రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టం వర్తిస్తుందనే చెప్పింది. అందుకే డాక్టర్లు మామూలు మందులా దీనికి ప్రిస్క్రిప్షన్ రాయలేరు, రోగికి ఫలానా జబ్బు ఉందనీ, ఇది పనికొస్తుందనీ సర్టిఫై చేస్తారంతే. అమెరికా పౌరుడికి దీనివల్ల రోజువారీ ఇబ్బంది తక్కువ. 2014 నుంచి పార్లమెంటు, అంటే ఇక్కడి కాంగ్రెస్, రాష్ట్రాల మెడికల్ మారిజువానా ప్రోగ్రాముల్ని అడ్డుకోవడానికి న్యాయశాఖ డబ్బు ఖర్చు పెట్టకూడదని బడ్జెట్‌లో షరతు పెడుతూ వస్తోంది. ఆ షరతు ఇమిగ్రేషన్ అధికారిని ఆపదు. ఎఫ్-1 (విద్యార్థి), హెచ్-1బీ, హెచ్-4 (హెచ్-1బీ వాళ్ళ కుటుంబం) వీసాల మీద, చివరికి గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళు చదవాల్సిన వాక్యం ఇదే.

ఇమిగ్రేషన్ చట్టంలో గంజాయి నేరానికి కోర్టులో శిక్ష పడనక్కర్లేదు, వాడానని అధికారి ముందు సక్రమంగా ఒప్పుకున్నా ప్రవేశం నిరాకరించడానికి అది ఆధారం అవుతుంది. సెలవులకి ఇండియా వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో అధికారి ఫోన్ అడిగి చూడొచ్చు, అందులో మెడికల్ కార్డు ఫొటోనో, దుకాణం రసీదో ఉంటే ప్రశ్నలు మొదలవుతాయి. "మా రాష్ట్రంలో లీగలే సార్, డాక్టరే ఇచ్చాడు" అన్న జవాబు ఎంత నిజాయితీగా చెప్పినా రక్షణ కాదు. పోనీ అబద్ధం చెబితే అది ఇంకా పెద్ద తప్పు, తప్పుడు సమాచారం ఇచ్చినందుకు జీవితాంతం అనర్హత పడే ప్రమాదం ఉంది. గ్రీన్ కార్డు కోసం సివిల్ సర్జన్ (ప్రభుత్వం గుర్తించిన డాక్టర్) దగ్గర చేయించుకునే వైద్య పరీక్షలో మత్తు పదార్థాల వాడకం గురించి అడుగుతారు. పౌరసత్వానికి వస్తే 2019 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే ఫెడరల్ సంస్థ యూఎస్‌సీఐఎస్ స్పష్టంగా రాసింది: రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయి వాడినా, దాని వ్యాపారంలో ఉద్యోగం చేసినా మంచి నడవడిక నిరూపించుకోవడానికి అడ్డు రావచ్చని. ఉద్యోగం చేసినా! ఈఏడీ (పనిచేసే అనుమతి కార్డు) వచ్చింది కదా అని దగ్గర్లోని డిస్పెన్సరీలో, అంటే గంజాయి అమ్మే దుకాణంలో, అకౌంట్స్ చూసే పనికో, లేబొరేటరీ పనికో చేరే అమ్మాయికి ఆ మాట ఎవరు చెబుతున్నారు? జీతం చెక్కు మీద రాష్ట్రం లైసెన్సు ఉన్న కంపెనీ పేరే ఉంటుంది, టాక్స్ కూడా కడతారు, అంతా సక్రమంగానే కనిపిస్తుంది.

గంజాయిని అంత కఠినం కాని షెడ్యూల్ 3కి దించబోతున్నారు కదా, అప్పుడు సమస్య పోతుంది కదా అని కొందరు అడుగుతారు. 2024 మేలో న్యాయశాఖ ఆ ప్రతిపాదన పెట్టిన మాట నిజం. అయితే ఇమిగ్రేషన్ చట్టం చూసేది అది నియంత్రిత పదార్థమా కాదా అన్నదే, ఏ షెడ్యూల్ అన్నది కాదు. షెడ్యూల్ మారినా ఆ గొడవ మారదు.

వైద్య వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కుంది. మెడికల్ కార్డు ఉన్నా డ్రగ్ టెస్టులో దొరికితే ఉద్యోగం పోవచ్చు. కొలరాడోలో పక్షవాతంతో చక్రాల కుర్చీలో ఉన్న ఉద్యోగి ఇంట్లో, డ్యూటీ లేని వేళ, డాక్టర్ సలహాతో వాడినందుకు ఉద్యోగం తీసేస్తే, ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2015లో కంపెనీ చేసింది చట్టప్రకారం సరే అంది, ఎందుకంటే ఫెడరల్ చట్టంలో అది నేరం. గంజాయి విషయంలో దేశంలో అందరికంటే ముందున్న రాష్ట్రంలోనే ఇలా జరిగింది. న్యూజెర్సీ, అరిజోనా, పెన్సిల్వేనియా లాంటి కొన్ని రాష్ట్రాలు కార్డు ఉన్న ఉద్యోగికి కొంత రక్షణ ఇచ్చాయి, మిగతా చోట్ల ఆ హామీ లేదు. నర్సుకో డాక్టర్‌కో ఉద్యోగంతో ఆగదు, విషయం లైసెన్సింగ్ బోర్డు దాకా వెళ్తుంది, ఆ తర్వాత ఏ రాష్ట్రంలో దరఖాస్తు పెట్టినా "మీ మీద ఎప్పుడైనా చర్య తీసుకున్నారా" అన్న గడిలో అవును అని రాయాల్సి వస్తుంది. ఆ ఫైళ్ళు నా ముందుకొస్తాయి. వివరణ ఎంత బాగున్నా ఫైలు నెలల తరబడి ఆగుతుంది.

మరి కీమో వాంతులతో అల్లాడే మనిషి, ఫిట్స్ ఆగని పిల్లాడు ఏం చేయాలి? దీనికి దారి ఉంది, అది చాలామందికి తెలియదు. మందులకి అనుమతి ఇచ్చే ఫెడరల్ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన మందులు ఉన్నాయి. టీహెచ్‌సీ ఆధారంగా తయారైన డ్రొనాబినాల్ 1985 నుంచే కీమో వాంతులకి ప్రిస్క్రిప్షన్ మీద దొరుకుతోంది. కొన్ని తీవ్రమైన మూర్ఛ వ్యాధులకి గంజాయి మొక్క నుంచి శుద్ధి చేసిన సీబీడీ (మత్తునివ్వని పదార్థం) మందు ఎపిడియోలెక్స్‌ని 2018లో ఆమోదించారు. ఇవి ఫార్మసీలో మామూలు మందుల్లా కొనుక్కునేవి, ఫెడరల్ చట్టానికి లోబడినవి. అన్ని జబ్బులకీ ఇవి సరిపోవు, ఖరీదు కూడా ఎక్కువే, ఆ సంగతి కాదనను. కానీ పౌరసత్వం లేనివాళ్ళు డిస్పెన్సరీ గుమ్మం ఎక్కేముందు డాక్టర్‌ని ఇవి అడగాలి, ఆ తర్వాత కూడా కార్డు తీసుకోవాలనే అనుకుంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి. కార్డు ఇచ్చే డాక్టర్‌కి మీ వీసా గురించి తెలియదు, అడగడు కూడా.

మీ నుంచి నేను కోరేది ఇది. రాష్ట్ర చట్టం గురించి వార్త వేసినప్పుడు మూడు సంగతులు పక్కనే వేయండి: బిల్లు ఏ దశలో ఉంది, ఏ తేదీ నుంచి అమల్లోకి వస్తుంది, ఫెడరల్ చట్టం దాని మీద ఏమంటోంది. కమిటీలో ఉన్న బిల్లుకీ, గవర్నర్ సంతకం అయిన చట్టానికీ తేడా చూపకుండా వార్తలు వస్తున్నాయి. సంతకం అయ్యాక కూడా పని పూర్తవదు, మెడికల్ బోర్డు రూల్స్ రాయాలి, అర్హతగా ఏ దేశపు ట్రైనింగ్ లెక్కలోకి వస్తుందన్నది తరచూ ఆ రూల్స్‌లోనే తేలుతుంది. ఆ ముసాయిదా మీద ప్రజల అభిప్రాయాలు తీసుకునే గడువు ఒకటి ఉంటుంది, ఎవరైనా రాయొచ్చు, పౌరులే అయి ఉండాలని లేదు. శాసనసభ కమిటీల్లో కూడా పేరు నమోదు చేసుకుని రెండు నిమిషాలు మాట్లాడొచ్చు. టెక్సస్ శాసనసభ రెండేళ్ళకొకసారి 140 రోజులు కూర్చుంటుంది, మా జార్జియా ఏడాదికి 40 పనిదినాలు. ఆ రోజులు దాటితే మళ్ళీ ఎదురుచూడాల్సిందే. మన సంఘాలు ఉగాదికీ, బతుకమ్మకీ వేలమందిని పోగుచేస్తాయి, అలాంటి సంఘాల నుంచి ఒక ఫార్మసిస్టు, ఒక డాక్టర్, ఒక నర్సు ఆ కమిటీ గదిలో కూర్చుని తమ అనుభవం చెప్పడం అసాధ్యమేమీ కాదు. మీ అమెరికా పేజీలో జనవరి నెలలో ఏ రాష్ట్రంలో ఏ వైద్య బిల్లులు వస్తున్నాయో వారానికొకసారి వేస్తే, అందులో నాకు చేతనైన సాయం జీతం భత్యం లేకుండా చేస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
అట్లాంటా, జార్జియా